ధర ముందు గుర్తు

కళ్ళలో మళ్ళీ చుక్కలు వేసి, చేతిలో దూదిముక్క పెట్టి, నలపొద్దు, తెరవొద్దు, డాక్టరుగారు పిలిచేదాకా ఇలాగే కూర్చోండి అని చెప్పి నర్సు వెళ్ళిపోయింది. పిట్ట గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. పిట్ట ఆమె అసలు పేరు కాదు, చిన్నప్పుడు నోరు మూయకుండా వాగుతుందని నాన్న పెట్టిన ముద్దుపేరు. తలలో అక్కడక్కడా నెరుస్తున్నా అది వదల్లేదు, ఇందాక బస్సెక్కించేటప్పుడు కూడా అక్క కిటికీ పక్కన నిలబడి, పిట్టా, డాక్టరుగారికి అన్నీ చెప్పు, ఏదీ దాచకు అని అంతమందిలో కేకేసింది. దాచడానికేముంది. ఎడమకంటి మూల ఒక మెరుపు. చీకట్లో ఎవరో అగ్గిపుల్ల గీసి వెంటనే ఊదేసినట్టు చటుక్కున వెలిగి ఆరిపోతుంది. దాని వెనకే నల్లటి నలుసులు, గాజుగ్లాసు నీళ్ళలో పడ్డ మసిలాగా, చూపు ఎటు తిప్పితే అటు ఈదుకుంటూ వస్తాయి. రెప్పలు మూసినా మెరుపు ఆగదని ఇప్పుడే తెలుస్తోంది. అదిగో. మళ్ళీ. రెప్పల లోపల ఎర్రటి చీకటి, ఆ చీకటి అంచున తెల్లటి చంద్రవంక, అంతలోనే లేదు. పక్కన ఎవరో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు, కుర్చీ కిర్రుమంది. ఎవరో పాప ఏడుస్తోంది, ఎవరో కాగితం తిప్పుతున్నారు, పైన ఫ్యాను ప్రతి చుట్టుకీ ఒకసారి టక్కుమంటోంది. చూపు లేకపోతే చెవులు ఇంత పెద్దవవుతాయి కాబోలు. లేకపోతే అన్న మాట మనసులోకి రాగానే పిట్ట దూదిని గట్టిగా పిండింది.

నాన్నకీ ఇలాగే మొదలైంది. భోజనాల దగ్గర కూర్చుని, ఈ మధ్య నా కంట్లో ఎవడో దీపావళి పెట్టుకున్నాడర్రా అన్నాడు, అందరూ నవ్వారు, అమ్మ కూడా నవ్వింది, నవ్వి ఇంకో గరిటె వడ్డించింది. నాన్న బోర్డులు రాసేవాడు. ఊళ్ళో ఏ కొట్టు తలుపు మీద చూసినా నాన్న చెయ్యే. సుద్దపొడి రాసిన దారం ఒక కొస అక్కకి, ఒక కొస పిట్టకి ఇచ్చి, బిగించి పట్టుకోమని మధ్యలో లాగి వదిలితే రేకు మీద తెల్లటి గీత పడేది, ఆ గీత మీద అక్షరాలు వరసగా వచ్చి కూర్చునేవి. పేర్లకన్నా ధరలు రాయడమంటే ఆయనకి ఇష్టం. ధర రాసేటప్పుడు ముందు అంకె వేసేవాడు కాదు, ముందు డబ్బు గుర్తు వేసేవాడు. పెద్ద బ్రష్షు రంగులో ముంచి, డబ్బా అంచుకి ఒత్తి, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపులో పైనుంచి కిందికి దింపేవాడు. గుర్తు బాగా నిలబడితే అంకెకి ధైర్యం వస్తుందే అనేవాడు. చెప్పుల కొట్టాయన ఒకసారి వచ్చి, మీరు గుర్తు తోకని అంత వంపు తిప్పారు, జనం దాన్ని కూడా అంకె అనుకుని పారిపోతున్నారని గొణిగితే, అమ్మ చాటుగా మూతి తిప్పింది గానీ నాన్న లేచాడు. గుడ్డ కిరసనాయిల్లో తడిపి తీసుకెళ్ళి, అంత అందమైన తోకనీ తుడిచేసి, మళ్ళీ సాదాగా వేసి వచ్చాడు. తర్వాత కంట్లో దీపావళి ఆరిపోయింది. ఆరిపోయి ఒక తెర దిగింది, పక్కనుంచి మెల్లిగా, కొట్టు తలుపు మూసుకొచ్చినట్టు. ఆయన ఎవరికీ చెప్పలేదు. రెండోకంటితోనే రాసుకుంటూ పోయాడు. అక్షరాలు కొంచెం కుడికి ఒరగడం మొదలుపెట్టాయి, వయసు మీద పడుతోంది పాపం అనుకున్నారు. ఇంట్లో అందరికీ కళ్ళున్నాయి, ఒక్కరికీ కనిపించలేదు.

డాక్టరు ఏమంటాడు. ఏమన్నా అంటాడు. కంప్యూటరు ముందు కూర్చోవద్దంటే? పిట్ట పని మొత్తం కళ్ళతోనే. ఇంటర్నెట్‌లో కొట్టు పెట్టుకునేవాళ్ళకి టెంప్లెట్లు కట్టి ఇస్తుంది. సరుకు వాళ్ళది, అరలూ తలుపులూ బోర్డులూ ఈమెవి. బొమ్మ ఎక్కడ రావాలి, పేరు ఎంత లావుండాలి, ధర ఏ రంగులో పడాలి, ఇవన్నీ ముందే రాసిపెడితే, రేపు కొట్టువాడు ఏ వస్తువు పెట్టినా దానంతటదే వచ్చి ఆ చోట కూర్చుంటుంది. నాన్న రేకు మీద చేసిన పనే, కాకపోతే రంగు వాసన లేదు, చేతులకి మరకలు లేవు. బీరువాలమ్మేవాడికి కట్టింది, ఎండబెట్టిన పూలమ్మేవాళ్ళకి కట్టింది, కుక్కలకి స్వెట్టర్లమ్మే ఒక మహాతల్లికి కూడా కట్టింది. ఆవిడ ధరలు చూసి అక్క, వచ్చే జన్మలో ఆవిడ ఇంట్లో కుక్కగా పుడదామే అంది. అక్క నవ్వితే భుజాలు ఎగురుతాయి. నవ్వకపోతే సూదిలో దారం ఎక్కిస్తున్నప్పటి ముఖమే ఎప్పుడూ. ఆ ముఖంతోనే ఒకరోజు వచ్చి, నాకూ ఒక కొట్టు కట్టిపెట్టవే పిట్టా అంది.

అక్క కొట్టులో ఉండేవి చొక్కాలు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలవి. అవి మొదట వ్యాపారం కాదు. అక్కకి ఏడో నెలలోనే కొడుకు పుట్టాడు. అద్దాల పెట్టెలో, ఒళ్ళంతా గొట్టాలతో, తోలు తీసిన పండులాంటి చర్మంతో పడుకోబెట్టారు. బజారంతా తిరిగినా వాడికి పట్టే చొక్కా దొరకలేదు, కొన్న చిన్న చొక్కాలో వాడూ, వాడిలాంటి ఇంకొకడూ పట్టేలా ఉన్నారు. పిల్లాడికి తొడగడానికి ఏమీ లేకపోతే తల్లినన్న నమ్మకం కలగట్లేదే అని అక్క అప్పుడు అన్న మాట పిట్ట ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రే అక్క తన మెత్తటి పాత గుడ్డ ఒకటి కత్తిరించింది. గుండీలు లేకుండా పక్కన ముడులు, చర్మానికి ఒరుసుకోకుండా కుట్టు బయటివైపు, గొట్టం పోవడానికి చిన్న సందు. నర్సు తెల్లారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసిందట. పక్క పెట్టెలో పాప తల్లి వచ్చి, మా పిల్లకీ ఒకటి కుట్టిపెడతారా అని అడిగిందట. అలా మొదలైంది. సైజులకి అంకెలు లేవు, అక్క పెట్టిన పేర్లే, అన్నిటికన్నా చిన్నది పిడికిలి, దాని పైది దోసిలి. వాడిప్పుడు ఇంట్లో ఏ గుమ్మం దాటాలన్నా తల వంచుతాడు, పెరుగుతున్నకొద్దీ వాడి చొక్కాలకి గుడ్డ చాలట్లేదని అక్క విసుక్కుంటుంది, విసుక్కుంటున్నప్పుడు ఆ గొంతులో ఎంత గర్వమో. పిట్ట ఆ కొట్టుని మిగతా వాటిలా కట్టలేదు. ఎవరికీ చూపించని శ్రద్ధంతా అందులో పెట్టింది. నాన్న ఆఖరి రోజుల్లో రాసిన బోర్డొకటి మూతపడ్డ రొట్టెల కొట్టు మీద ఇంకా ఉంటే, వెళ్ళి ఫోటో తీసుకొచ్చి, అందులో డబ్బు గుర్తుని మాత్రం జాగ్రత్తగా గీసుకుని, ప్రతి ధర ముందూ అదే పడేట్టు టెంప్లెట్‌లో అతికించింది. ఒంటికంటితో వేసిన గుర్తు, కొంచెం కుడికి ఒరిగి ఉంటుంది. మొదటిసారి తెర మీద చూసి అక్క కుర్చీ దగ్గరికి జరుపుకుంది. వేలితో దాన్ని తడిమింది, కంప్యూటరుకి కూడా రంగు అంటుతుందేమో అన్నట్టు.

ఫోను మోగింది. ఒళ్ళో సంచీలో ఎక్కడో. తడుముకుంటూ తీసి, నున్నటి అద్దం మీద ఏది ఎటు లాగాలో తెలియక రెండుసార్లు కట్ చేసేసి, చివరికి ఎలాగో ఎత్తింది. అక్క. నీ కళ్ళేమన్నారు అని అడిగింది, ఇంకా పిలవలేదని చెబితే ఊ అంది, ఆ ఊ లో ఏదో ఉంది. ఏమైందక్కా అంటే ఏం లేదులే, వచ్చాక చెప్తాను అంది, అంటూనే చెప్పేసింది. సరిహద్దు అవతల దేశం నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు. భార్య ఇంకా ఆస్పత్రిలోనే ఉంది, బాబు అద్దాల పెట్టెలో ఉన్నాడు, పొద్దున్నే చొక్కాలు కొన్నాడు. కొన్నప్పుడు కనిపించిన ధర ఒకటి, బ్యాంకు నుంచి వచ్చిన కబురులో పోయిన డబ్బు దానికి ఎన్నో రెట్లు. ఆయన తిట్టలేదు. మీ వైపు ఏదన్నా పొరపాటు జరిగిందేమో చూడగలరా, నేను అలసిపోయి ఉన్నాను, నేనే సరిగ్గా చదవలేదేమో అని రాశాడు.

"తిట్టినా బాగుండేదే," అంది అక్క. "ఆస్పత్రిలో నిలబడి ఉన్న మనిషిని నేను మోసం చేశానా పిట్టా?"

పిట్టకి అరక్షణంలో అర్థమైంది. అర్థం కావడం కూడా మెరుపులాగే ఉంది, మూల నుంచి వచ్చి అంతా తెల్లగా చేసి పోయింది. అవతలి దేశంలోనూ డబ్బుకి ఇదే గుర్తు. పేరు వేరు, విలువ వేరు, గుర్తు ఒక్కటే. వాళ్ళ డబ్బు మన డబ్బులో ఏపాటి. మొన్న అక్కే అడిగింది, అవతలివాళ్ళు ఎవరో రాశారే, వాళ్ళకీ పంపుదామా అని. పంపుదాం అని పిట్టే ఆ తలుపు కూడా తెరిచింది, పార్సెల్ ఎలా వెళ్తుంది, ఎన్నాళ్ళు పడుతుంది, అన్నీ చూసింది, ధర వైపు చూడలేదు. మామూలు కొట్టయితే ధర పక్కన ఇది ఏ దేశపు డబ్బో చెప్పే మూడు అక్షరాలు చూపించే ఏర్పాటు ఉంటుంది, ఒక్క మాట రాస్తే చాలు. కానీ నాన్న గుర్తు పెట్టడం కోసం తను ఆ ఏర్పాటుని పక్కకి నెట్టింది. నాకు ఉత్త అంకె ఇవ్వు చాలు, గుర్తు నేను పెట్టుకుంటాను అని టెంప్లెట్‌కి చెప్పింది. అది బుద్ధిగా అలాగే చేసింది. మన అంకె, దాని ముందు ఒరిగిన గుర్తు, చూసే మనిషి ఎక్కడివాడైతే అక్కడి డబ్బు. డబ్బు కట్టే పేజీలో ఆ మూడు అక్షరాలు బూడిదరంగులో ఉంటాయి, చీమల్లా. కానీ అంకె అదే, గుర్తు అదే, ఇంక చీమల్ని ఎవరు చదువుతారు, నిద్రలేని మనిషి, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని. ఎంత చవగ్గా పెట్టారో, మంచివాళ్ళు అనుకుని ఉంటాడు. అలా అనుకునే ఉంటాడు.

ఇంతలో అక్క ఇంకో మాట చెప్పింది. ఆయన చొక్కాల సంగతి అక్కడి నర్సుకి చెప్పాడట, ఆవిడ వార్డులో తల్లిదండ్రులందరికీ కబురు పెట్టిందట, ఇప్పుడు ఆర్డర్లు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి, అన్నీ అవతలి దేశం నుంచే, మనం మాట్లాడుతుండగానే ఇంకోటి వచ్చిందే అంది. ఎన్నాళ్ళుగానో అక్క ఎదురుచూసిన రోజు ఇది. ఆర్డరు వచ్చినప్పుడల్లా గంట మోగేట్టు పెట్టమని తనే అడిగింది, ఫోనులోంచి ఆ గంట పిట్టకి వినిపిస్తోంది, టింగుమని, కాసేపాగి మళ్ళీ టింగుమని. కొట్టు మూసేస్తాను, ఎలా మూయాలో చెప్పు చాలు అంది అక్క. మూయొచ్చు. ఒక్క మీట. కానీ పేజీ తెరిచిన తల్లికి, ఈ కొట్టు లేదు అని కనిపిస్తుంది. పిట్ట అద్దాల పెట్టె ముందు నిలబడ్డ అక్కని చూసింది, రెప్పల లోపలి ఎర్రటి చీకట్లో, ఉత్త చేతులతో.

"మూయకు. లాప్‌టాప్ ముందు కూర్చో. నేను చెప్తాను, నువ్వు మార్చు."

"నేనా? నాకేం తెలుసే? ఉన్నది కాస్తా పాడవుతుంది."

"నా కళ్ళు పనిచేయట్లేదక్కా. నీవే కావాలి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. ఊపిరి. సరే చెప్పు. పిట్ట కళ్ళు మూసుకునే ఆ ఇంట్లోకి నడిచింది, తను కట్టిన ఇల్లు, ఏ గోడ ఎక్కడుందో తెలుసు. ఎడమవైపు పైనుంచి కిందికి పేర్లుంటాయి, అందులో ప్రైస్ అని ఉన్నది నొక్కు. దొరికిందా. లేదు. ఇంకా కిందికి. ఆఁ, ఉంది. నొక్కితే తెర నిండా రంగురంగుల రాతలు వచ్చాయే, ఇదేం భాష అంది అక్క. భాష సంగతి వదిలేయ్, పైనుంచి ఒక్కో వరసా చదువు. అక్క చదవసాగింది, చిన్నపిల్ల ఒకటో క్లాసు పుస్తకం చదివినట్టు, ఒక్కో అక్షరం వేలు పెట్టి. ఇదేమిటే, మీసాల్లా ఉన్నాయి, రెండేసి, అంది. అవును, బ్రాకెట్లు, వాటిని కదిలించకు, ఆ మీసాల మధ్యలో ఏముందో చదువు అని పిట్ట గట్టిగా అనేసరికి పక్కన పెద్దాయన, ఎవరికమ్మా మీసాలు అన్నాడు. ఏం లేదండీ, కంప్యూటరుకి అంటే, ఓహో, కాలం ఎంత మారింది అని సర్దుకు కూర్చున్నాడు. అక్క చదువుతోంది. ప్రైస్. తర్వాత ఒక నిలువు గీత. గీత తర్వాత మనీ, కింద అడ్డగీత, వితౌట్, మళ్ళీ అడ్డగీత, కరెన్సీ. అదే. ఆగు. ఆ వితౌట్‌లో చివరి మూడక్షరాలు తీసేయ్, విత్ ఒక్కటే ఉండాలి. తీసేశానే. అంతేనా? ఇంత గొడవా ఈ మూడక్షరాల గురించేనా?

అంతే కాదు. అదే సమయానికి నర్సు వచ్చి పేరు పిలిచింది, అసలు పేరు, ఎవరినో పిలుస్తోందని ఒక క్షణం అనిపించింది. ఒక్క నిమిషం అండీ అంటే, డాక్టరుగారు ఆపరేషన్లకి వెళ్ళిపోతారమ్మా, ఫోన్లు తర్వాత మాట్లాడుకోండి అంది నర్సు, విసుగ్గానే గానీ కోపంగా కాదు. పక్కన కుర్చీ కిర్రుమంది. పెద్దాయన లేచాడు. ఆ అమ్మాయి ఏదో పనిలో ఉంది, నన్ను ముందు చూడమనండి, నాకు ఇంటికెళ్ళి ఉద్ధరించేదేం లేదు, ఇక్కడ కూర్చుని చేసేదీ లేదు అంటూ కర్ర తాటించుకుంటూ వెళ్ళాడు. ఆయన ముఖం పిట్ట చూడలేదు.

ఇంకేం చెయ్యాలి అని అక్క అడుగుతోంది. ఆ వరసకి పైన ఇంకో వరస ఉంటుంది, ఇమేజ్ అని మొదలవుతుంది, దాన్ని మొత్తం చెరిపేయాలి. అక్క దాన్ని చదివింది. మధ్యలో ఫైలు పేరు వచ్చింది. ఆ ఫైలుకి పిట్ట పెట్టిన పేరు నాన్న. అక్క చదవడం ఆపేసింది. ఫ్యాను టక్కు, టక్కు. ఏడ్చే పాప ఊరుకుంది. ఎటూ పాలుపోని ఆ నిశ్శబ్దంలో పిట్ట చాలా తొందరగా చాలా ఆలోచించింది. దీన్ని ఉంచి ఏదన్నా చేయొచ్చా. మన దేశంవాళ్ళకి మాత్రం చూపించి అవతలివాళ్ళకి దాచొచ్చు; చేయొచ్చు, రెండు గంటల పని, కళ్ళుండాలి. మూడక్షరాలూ చూపించి ఇదీ ఉంచితే గుర్తు రెండుసార్లు పడుతుంది, నవ్వులపాలు. పేజీ అడుగున ఎక్కడో పెడదామా, ధర లేనిచోట డబ్బు గుర్తు పెడితే అది నాన్నది ఎలా అవుతుంది, గోడకి కొట్టిన మేకు అవుతుంది. చెప్పుల కొట్టు ముందు నాన్న మోకాళ్ళ మీద కూర్చుని తుడుస్తున్న చెయ్యి కళ్ళముందుకొచ్చింది, గుండ్రంగా, తొందరేం లేకుండా. ఆ రోజు పిట్టకి ఏడుపొచ్చింది, ఎందుకు నాన్నా బాగుంది కదా అంటే, బాగున్నది నాకే, చదువుకోవాల్సింది వాళ్ళు అన్నాడు.

"ఇది తీసేస్తే మళ్ళీ పెట్టలేమా?" అని అక్క మెల్లిగా అడిగింది.

"ఫోటో నా దగ్గరుందక్కా. ఇక్కణ్ణుంచి మాత్రం తీసేయాలి."

మీట నొక్కిన చప్పుడు వినిపించింది, అక్క దాన్ని పట్టి ఉంచింది, అక్షరాలు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటాయి ఇప్పుడు, పిట్టకి తెలుసు. అయ్యో అంది అక్క ఉన్నట్టుండి. అయ్యో, చాలా పోయిందే, కింది వరస కూడా పోయింది, మీసాలన్నీ పోయాయి. పిట్ట గొంతు మామూలుగా ఉంచింది, పసిపిల్లకి నడక నేర్పేటప్పుడు పెద్దవాళ్ళు ఉంచినట్టు. ఏం కాలేదు. కంట్రోల్ అని రాసి ఉన్నది పట్టుకుని జెడ్ నొక్కు. వచ్చిందా. వచ్చింది, అన్నీ వచ్చాయి, ఆ ఇమేజ్ వరస కూడా వచ్చేసిందే. అక్క నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడు చేసింది. పోనన్నాడే నాన్న అంది. తర్వాత అక్క ఈసారి నెమ్మదిగా, కత్తెరతో దారం తెంపినట్టు, ఆ ఒక్క వరసే తీసి, సేవ్ నొక్కి, తన ఫోనులో కొట్టు తెరిచి, పైకి చదివింది. గుర్తు, మామూలు అచ్చు గుర్తు, నిటారుగా ఉంది, తర్వాత ధర, దాని పక్కన మన దేశపు డబ్బని చెప్పే మూడక్షరాలు, ధరంత లావుగా. ఇంకో చొక్కా తెరువు. దానికీ వచ్చింది. అన్నిటికీ వచ్చిందే, ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారింది అని అక్క ఆశ్చర్యపోయింది, ఇన్నాళ్ళూ చెల్లెలు చేస్తున్నది ఇదా అన్నట్టు. వెనక గంట మోగలేదు. ధర అర్థమై వెనక్కి వెళ్ళినవాళ్ళుంటారు. వెళ్తారు. వెళ్ళకుండా వాళ్ళ డబ్బులోనే వాళ్ళకి అందే ధర వేరే పెట్టాలి, అది రేపటి పని, కళ్ళు వచ్చాక. పొద్దుట్నించీ కొన్నవాళ్ళ సంగతేమిటి అని పిట్ట అడిగితే, అక్క ఆలోచించనైనా లేదు. వాళ్ళు ఎంతనుకుని కొన్నారో అంతకే, మిగతాది వెనక్కి పంపేస్తాను అంది. నష్టమక్కా అని పిట్ట అనలేకపోయింది. అక్క అప్పటికే, నువ్వు లోపలికెళ్ళు ముందు, నాన్నలా కూర్చోకు అని ఫోను పెట్టేసింది.

నర్సు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. గది చల్లగా, స్పిరిట్ వాసనతో ఉంది. గడ్డం ఇక్కడ ఆనించండి, నుదురు ముందుకి, పైకి చూడండి, కిందికి, ముక్కు వైపు. వెలుగు సూదిలా లోపలికి దిగింది, తన కంటి లోపలి నరాలే ఎండిన చెట్టు కొమ్మల్లా ఎదురుగా పరుచుకున్నాయి, ఎవరూ తనకి చూపించని తన ఇల్లు. డాక్టరు ఏమీ మాట్లాడడు. మాట్లాడనివాళ్ళ దగ్గర ఊపిరి కూడా పెద్దగా వినిపిస్తుంది. ఎడమకంట్లో చిన్న చిరుగుందమ్మా అన్నాడు చివరికి, బట్ట చిరిగినట్టు. చిరుగు అన్న మాట వినగానే పిట్టకి అక్కే గుర్తొచ్చింది, ఎంత చిరుగైనా వెలుగు వైపు పట్టి చూసి, ఇదెంతసేపు అనే అక్క. కంటి వెనక పొర ఇంకా ఊడలేదు. ఊడితే కష్టమయ్యేది. మీ నాన్నగారి సంగతి ముందే చెప్పారు కాబట్టి అంచుదాకా చూశాను, మంచి పని చేశారు అన్నాడు. ఇప్పుడే లేజరుతో చుట్టూ కుట్టేస్తాను, కదలొద్దు. ఆకుపచ్చ వెలుగు. టక్. కంటి వెనక ఎవరో గోటితో నొక్కినట్టు. టక్. నాన్నకి ఎవరూ అంచుదాకా చూడలేదు. టక్. ఆయన ఎవర్నీ చూడనివ్వలేదు. నీళ్ళు కారుతున్నాయి, మందువల్లే, అందరికీ కారతాయమ్మా అంది నర్సు, తుడుస్తూ. అందరికీ కారనివి కూడా కొన్ని అందులో ఉన్నాయి, కానీ తుడిచేవాళ్ళకి తేడా తెలియదు, అదొక సుఖం.

అయిపోయాక బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ప్రపంచమంతా తడిగుడ్డ వెనకనుంచి చూసినట్టుంది, తలుపు దగ్గర ఎండ పెద్ద తెల్లటి మూటలా పడి ఉంది. ఆ తెల్లటిలోంచి ఒక ఆకారం తొందర తొందరగా వచ్చింది, నడక చూసే పోల్చుకుంది. అక్క ఒంటరిగా బస్సెక్కి వచ్చింది, చేతికి ఇంకా సుద్ద అంటుకుని ఉంది, పట్టుకుంటే గరగరలాడింది. డాక్టరేమన్నాడో అంతా రెండుసార్లు చెప్పించుకుంది, కుట్టేశాడా, గట్టిగా కుట్టాడా అని అడిగింది, తనే చూస్తే బాగుండునన్నట్టు. పెద్దాయన ఎక్కడున్నాడో అని పిట్ట చుట్టూ చూసింది, కనిపించలేదు, కనిపించినా పోల్చుకోగలిగేది కాదు. ఇద్దరూ మెట్లు దిగారు, అక్క ఒక్కో మెట్టుకీ ముందే చెబుతోంది. కింద నీడలో నిలబడ్డాక, బస్సు కోసం చూస్తూ, ఆయనకి ఉత్తరం రాశానే అంది. మన పొరపాటేనని రాశాను, డబ్బు వెనక్కి పంపానని రాశాను, చొక్కాలు ఇవాళే కత్తిరిస్తున్నాను, బాబు ఇప్పుడు ఎంత ఉన్నాడో చెప్పండి అని అడిగాను. జవాబు ఇచ్చాడా అని పిట్ట అడిగింది.

"బస్సులో ఉండగా ఇచ్చాడు. మధ్యాహ్నం బరువు చూశారట." అక్క ఆగింది. "పిడికిలి సైజు వద్దట. దోసిలి సైజు పంపమన్నాడు."

అక్క చేతిలో పిట్ట చెయ్యి బిగుసుకుంది, ఎవరు ముందు నొక్కారో తెలియదు. దుమ్ము రేపుకుంటూ ఏదో బండి పోయింది, అక్క కొంగు అడ్డం పెట్టి ఆమె కళ్ళు కాచింది.

"పిడికిలి సైజువి అప్పుడే కత్తిరించేశానే," అంది కాసేపటికి. "ఉండనీ. ఎవరికీ అక్కర్లేకపోతే ఇంకా మంచిది."

ఇలా అనుకుంటే కొట్టు నడుస్తుందా అని అనబోయి, పిట్ట ఊరుకుంది.